తొట్టిలో చేపకు చెప్పిన మాటలు

...కాదు మనవరాలా, తోక దగ్గర మొదలుపెట్టాలి. పొలుసు ఎప్పుడైనా తోక వైపు నుంచి తల వైపుకే తియ్యాలి. ఇటు నుంచి అటు గీస్తే కత్తి జారుతుంది గానీ పొలుసు లేవదు. కథ కూడా అట్లాగే మొదలుపెడదాం. తలలో ఏముందో చివరికి తెలుస్తుంది. రాశావా? నేను మెల్లగా చెబుతున్నానని నిద్రపోకు. మీ నాన్న చిన్నప్పుడు నేను కథ చెబితే రాజు గుర్రం ఎక్కేలోపే గుర్రు పెట్టేవాడు.

అప్పటికి మీ నాన్న పుట్టలేదు. నాకూ మీ నానమ్మకీ పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. నేను మార్కెట్లో చేపలు కోసేవాణ్ణి. అక్కడ అమ్మేవాళ్ళది ఒక వరుస, కోసేవాళ్ళది ఒక వరుస. జనం అటు కొని, ఇటు తెచ్చి మా గట్టు మీద పెట్టేవాళ్ళు. మేం పొలుసు తీసి, కడుపు చీరి శుభ్రం చేసి, ముక్కలు కోసి సంచిలో వేసి ఇచ్చేవాళ్ళం. గట్టంటే సిమెంటుది, నడుమెత్తు ఉంటుంది. దాని మీద ఒక చెక్క మొద్దు, పక్కన నీళ్ళ కుళాయి. అంతే మా ఆఫీసు.

నా పక్క గట్టు మా మామది. మీ నానమ్మ వాళ్ళ నాన్న. నాకు కత్తి పట్టడం నేర్పిందీ ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే. "రెంటికీ పదునెక్కువ, చూసుకో" అని పెళ్ళిలో అందరి ముందూ అన్నాడు. మీ నానమ్మ కూడా ఆయన గట్టు పక్కనే పెరిగింది. చేతికి కత్తి ఇచ్చేవాడు కాదు గానీ, కోస్తూ కోస్తూ ప్రతిదీ ఆ పిల్లకి చెప్పేవాడు. ఇదిగో ఇక్కడ చీరాలి, ఇదిగో ఇక్కడ ఆగాలి అని. ఆయనదీ నెమ్మదైన మాటే. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య చేపను తిప్పి పెట్టేంత సమయం పట్టేది.

ఆ మామ ఒక మధ్యాహ్నం పని ఆపి, చెంబుడు నీళ్ళు తాగి, గోడకి ఆనుకుని కూర్చుని, అట్లాగే పోయాడు. కునుకు తీస్తున్నాడనుకుని మేమంతా గొంతు తగ్గించుకుని మాట్లాడుకున్నాం. చేతుల మీద అంటుకున్న పొలుసులు ఇంకా తడిగా మెరుస్తూనే ఉన్నాయి.

ఆ రోజు నుంచి మీ నానమ్మ మాట్లాడటం మానేసింది.

ఏడవలేదు. పడుకోలేదు. పొద్దున్నే లేచి ఇల్లు ఊడ్చేది, వండేది, నాకు పెట్టేది. పిలిస్తే తిరిగి చూసేది. మాట మాత్రం లేదు. ఆవిడ నోరు ఎట్లాంటిదో నీకు తెలుసు కదా. పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో గోడలకి చెవులుంటే దూది పెట్టుకునేవి. అట్లాంటి ఇంట్లో నేను గిన్నె కింద పెట్టినా చప్పుడు గట్టిగా వినపడి ఉలిక్కిపడేవాణ్ణి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే "ఏడువమ్మా, ఏడిస్తే బరువు దిగుతుంది", "ఒక్క మాట మాట్లాడమ్మా" అని బతిమాలి వెళ్ళేవాళ్ళు. నేనూ బతిమాలేవాణ్ణి. ఆవిడ నా వంక ఎక్కడో దూరం నుంచి చూసేది. ఒడ్డున నిలబడి పడవలో పోయేవాళ్ళని చూస్తాం చూడు, అట్లా.

వాళ్ళ అన్న వచ్చాడు. లారీలు బాగుచేసే షెడ్డులో మేస్త్రి, వేరే ఊళ్ళో ఉండేవాడు. చెల్లెలి పక్కన చాలాసేపు కూర్చుని, లేచి నన్ను గుమ్మం బయటికి పిలిచాడు.

"బావా, నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఇది ఇట్లాగే ఉంటే మనిషి దక్కదు. వచ్చే సెలవు రోజు మళ్ళీ వస్తాను. అప్పటికీ నోరు విప్పకపోతే మా ఇంటికి తీసుకెళ్ళిపోతాను. మా ఆవిడుంది, పిల్లలున్నారు, సందడిగా ఉంటుంది."

"నా ఇంట్లో సందడి లేదనా?"

"నీ ఇంట్లో నువ్వున్నావు. నువ్వు ఒక మాట అనేలోపు అన్నం చల్లారిపోతుంది."

అబద్ధం కాదు కదా, ఏమనగలను. సరే అన్నాను. కానీ ఆ చూపుతో ఆవిడ గుమ్మం దాటితే ఇక తిరిగి రాదని నాకు ఎందుకో గట్టిగా అనిపించింది. తెగిపడ్డ గాలిపటం వెనక్కి వస్తుందా?

మా మార్కెట్లో జెల్లలు అమ్మే ఆవిడ ఒకామె ఉండేది. అందరం జెల్లత్త అనేవాళ్ళం. మీసాల చేపలు అమ్మీ అమ్మీ ఆవిడకే మీసాలొచ్చాయని వెనక నవ్వుకునేవాళ్ళం. ఆవిడకి చెప్పుకున్నాను.

"బొచ్చె చేపకి పళ్ళెక్కడుంటాయిరా?" అంది.

"గొంతులో."

"మీ ఆవిడకీ అంతే. మాట గొంతులో పెట్టుకుని నములుతోంది. మింగనీ, కక్కనీ. నువ్వు మాత్రం వేలు పెట్టకు, కొరుకుతుంది."

బావమరిది వస్తున్నాడంటే మంచి చేప పెట్టాలి కదా. ఆ రోజుల్లో చెరువులు అడుగంటుతున్నాయి. వచ్చేవన్నీ బురద చేపలే, ఎంత బాగా కోసినా కూరలో మట్టి వాసన వేసేవి. దానికి మామ చెప్పిన పద్ధతి ఒకటుంది. చేపను బతికుండగానే తెచ్చి, తేట నీళ్ళలో వదిలి, మేత వెయ్యకుండా కొన్నాళ్ళు ఉంచాలి. పొద్దునా సాయంత్రమూ నీళ్ళు మార్చాలి. లోపలి బురదంతా అదే కడుక్కుంటుంది. చేపని మనం పైనే కడుగుతాం, లోపల అదే కడుక్కోవాలి అనేవాడు మామ.

నేను ఒక పెద్ద బొచ్చెను తడి గోనెలో చుట్టుకుని తెచ్చి, పెరటి వసారాలో ఉన్న సిమెంటు తొట్టిలో వదిలాను. అది అడుగుకి పోయి, ఒకసారి తోక ఆడించి, నీడలా నిలబడింది. నోరు తెరవడం, మూయడం, తెరవడం, మూయడం. మీ నానమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

మర్నాడు నీళ్ళు మార్చబోతే అప్పటికే మార్చేసి ఉన్నాయి.

ఆ తర్వాతి రోజు అనుకుంటా, మధ్యాహ్నం ఇంటికొచ్చి ముందు గదిలో మంచం మీద వాలాను. ఆ గదికి ఒక వింత ఉండేది. పెరటి తలుపు తీసి ఉంటే తొట్టిలో పడ్డ ఎండ తిరిగి మా గది కప్పు మీద పడేది. చేప కదిలినప్పుడల్లా కప్పంతా అలలు. గోడ మీద తగిలించిన చొక్కాలు, మూలనున్న గొడుగు, ఎండలో మెల్లగా ఊగుతున్నట్టుండేవి. నేను నీళ్ళ అడుగున పడుకున్నట్టు, ఇల్లు నా మీద నుంచి పారుతున్నట్టు ఉండేది. చేతుల మీద పొలుసు ఒకటి అంటుకుని ఉంటే అది కూడా నాదేననిపించింది. అట్లా కన్ను మూతపడుతుండగా వినపడింది.

మాట.

మాటలు కాదు, మాట చప్పుడు. కుళాయి కింద బకెట్ నిండుతోంది, ఆ సవ్వడి వెనక ఎవరో సన్నగా మాట్లాడుతున్నారు. ఆగి, మళ్ళీ మాట్లాడుతున్నారు. కలనుకున్నాను. లేచి పిల్లిలా తలుపు దాకా వెళ్ళాను. మీ నానమ్మ తొట్టి అంచు మీద మోచేతులు ఆనించి, నీళ్ళలోకి వంగి, చేపతో మాట్లాడుతోంది. ఏమంటోందో తెలియలేదు. ముఖం కనపడలేదు. భుజం మీద మాత్రం నీళ్ళ వెలుగు ఆడుతోంది. నేను వెనక్కి వెనక్కి నడిచి మంచం మీద పడుకుని కళ్ళు మూసుకున్నాను. నేను చూశానని తెలిస్తే ఆ మాట కూడా ఆగిపోతుందేమోనని భయం.

ఇక చూడు, పని తొందరగా ముగించుకుని రోజూ ఇంటికి చేరేవాణ్ణి, ఆ చప్పుడు వినడానికి. అందులో ఏది నీళ్ళ చప్పుడో, ఏది మనిషి మాటో తెలిసేది కాదు. ఒకసారి కునుకులో మామ కనపడ్డాడు. మా గది కప్పుకి తలకిందులుగా కూర్చుని, ఆ వెలుగు అలల్ని కత్తితో తోక వైపు నుంచి తల వైపుకి గీస్తున్నాడు. అవి పొలుసుల్లా రాలి నా మీద పడుతున్నాయి, బరువే లేదు. "చెప్పింది వింటున్నావా?" అన్నాడు. నన్ను కాదు, ఎవర్నో.

నేను అర్థం చేసుకున్నదేమంటే, ఈ పిల్ల తన దుఃఖమంతా ఆ చేపకి చెప్పుకుంటోంది. నాకు చెప్పుకోలేనిది దానికి చెప్పుకుంటోంది. అట్లాంటిదాన్ని కొయ్యడమా? నేను దాన్ని మొద్దు మీద పెట్టిన రోజున ఈవిడ ఇక జన్మలో నోరు తెరవదు. అట్లాగని వాళ్ళన్నకి చేప పెట్టకుండా ఎట్లా? పొట్ట కోస్తే చేప తప్ప ఏమీ రాని కుటుంబం మాది.

సెలవు రోజు తెల్లారింది. నేను మార్కెట్‌కి పోయి, అంతే పొడవున్న ఇంకో బొచ్చెను కొన్నాను. అప్పుడే చెరువు నుంచి వచ్చింది. మొప్పల్లో ఇంకా బురద ఉంది. నా గట్టు మీదే కోశాను. జెల్లత్త చూసి, "ఇంట్లో తొట్టిలో ఒకటి ఉందన్నావు?" అంది.

"దాన్ని కొయ్యను. అది మా ఆవిడ స్నేహితురాలు."

"ఓహో. బురదదాన్ని తీసుకెళ్ళి చుట్టానికి పెడతావా?"

"ఉప్పేసి కడుగుతా. నిమ్మకాయ పిండుతా. అంతా పోతుంది."

"పోతుంది, పోతుంది. నీకు ముక్కుంటేగా," అని తన పనిలో పడింది.

కడిగాను. ఉప్పుతో రుద్దాను. నిమ్మకాయ పిండి మళ్ళీ కడిగాను. రోజంతా చేపల మధ్య ఉండేవాడికి ఏ వాసనా తెలియదు తల్లీ, మిఠాయివాడికి తీపి తెలియనట్టు. బాగానే ఉందనుకున్నాను. ముక్కల సంచి తెచ్చి మీ నానమ్మ చేతికిచ్చి చెప్పాను, "ఇది వేరేది. తొట్టిలో దాని జోలికి నేను పోలేదు. పోను కూడా."

ఆవిడ సంచి మూతి విప్పి చూసింది. నన్ను చూసింది. తొట్టి వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఆ చూపుని నేను కృతజ్ఞత అనుకున్నాను. మగవాడి బుర్ర. ఆ మాట కూడా రాసుకో, కొట్టెయ్యకు.

పొయ్యి వెలిగించి వండింది. బావమరిది వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. చెల్లెలు వడ్డించింది. ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నములుతూనే ఉన్నాడు. నీళ్ళు తాగాడు. ఇంకొంచెం అన్నం కలిపి, రెండో ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు.

"బావా," అన్నాడు, "చేప పెట్టావా, చెరువు పెట్టావా?"

నేను ఒక ముక్క తిన్నాను. నా ముక్కుకి తెలియనిది నాలుకకి తెలిసింది. వానకి తడిసిన గోడ నాకినట్టుంది. తల దించుకున్నాను.

ఆయన కంచం పక్కకి జరిపి చెల్లెలి వంక చూశాడు. చాలా మెత్తగా అన్నాడు, "సంచి సర్దుకోమ్మా. పోదాం."

కప్పు మీద వెలుగు కదులుతోంది. ఆవిడ సంచి వైపు పోలేదు. నా కంచంలో ముక్క ఒకటి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, తిరిగి నా కంచంలోనే పడేసింది.

"మట్టి," అంది.

మేమిద్దరం కదల్లేదు.

"ఇన్నాళ్ళూ నీళ్ళు మోసింది నేను. తొట్టి కడిగింది నేను. మా అన్న వస్తాడని దాన్ని పస్తు పెట్టింది నేను. అది తేటపడి అద్దంలా అయ్యాక, ఈ మహానుభావుడు పోయి బురద గుంటలోది పట్టుకొచ్చాడు. పైగా దాని జోలికి పోనంటాడు. ఎందుకు పోవు? అదేమన్నా నీకు మరదలా?"

వాళ్ళన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నేను గొణిగాను, "నువ్వు దానితో మాట్లాడుతుంటే..."

"మాట్లాడితే?"

"నీ దుఃఖం చెప్పుకుంటున్నావనుకున్నాను."

"దుఃఖమా? చేపకా? దాన్నెట్లా కొయ్యాలో దానికే చెప్పాను." ఇక్కడ కొంచెం ఆగింది. "నాన్న చెప్పినవన్నీ మర్చిపోతానేమోనని. ఆయన చెబుతుంటే వింటూ పెరిగాను గానీ ఒక్కటీ నా నోటితో అన్నది లేదు. లోపల ఒక్కొక్క మాటే పట్టుకుని కూర్చున్నాను, వేరే మాట ఏది మాట్లాడినా అవి జారిపోతాయేమోనని. మీరంతా వచ్చి మాట్లాడు, మాట్లాడు అంటారు. అది ఒక్కటే ఏమీ అనకుండా విన్నది."

అని లేచి, కొంగు దోపుకుని, మామ కత్తి చేతికి తీసుకుని పెరట్లోకి నడిచింది. వాళ్ళన్న ఎంగిలి చేత్తోనే వెనక వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

ఆవిడ తొట్టిలో చెయ్యి పెట్టింది. ఆ చేప పారిపోలేదు, తెలిసిన చెయ్యి కదా. "రా," అంది, బడికి పిలిచినట్టు. తడి గుడ్డతో కళ్ళు కప్పి, కర్రతో ఒకటే దెబ్బ వేసింది. రెండోది అవసరం లేకపోయింది. మొదటి దెబ్బకే నిద్రపోవాలి, భయపడ్డ చేప రుచి ఉండదు అనేవాడు మామ. ఆవిడ కూడా అదే మాట అంది. ఆయన ఆగే చోటే ఆగుతూ అంది.

ముందు రెక్కలు. తర్వాత వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, చేపను అందులో ముంచి పట్టుకుని పొలుసు తీసింది. నీళ్ళలో తీస్తే పొలుసులు ఎగరవు, అట్లాగే తేలతాయి. గిన్నె నిండా చిన్న చిన్న వెలుగులు. "తోక నుంచి తలకి. గట్టిగా కాదు, తల దువ్వినట్టు." గొంతు మీ నానమ్మది, మాట మామది. కళ్ళు మూసుకుంటే ఆయన గట్టు పక్కనే నిలబడ్డట్టుంది, తెరిస్తే ఈవిడ. నేను చాలాసేపు మూసుకుంటూ తెరుస్తూ ఉన్నాను.

"కడుపు చీరేటప్పుడు కత్తి మొన పైకి చూడాలి. లోపల ఆకుపచ్చగా చేదు తిత్తి ఉంటుంది, అది పగిలితే చేపంతా చేదు. దాన్ని ముట్టుకోకుండా, దాని చుట్టూ ఉన్నది పట్టుకుని తియ్యి." తీసింది. ద్రాక్షపండులా మెరుస్తూ పగలకుండా వచ్చింది. మొప్పలు తీసింది. గొంతులో వేలు పెట్టి పళ్ళు పీకింది. కడుపు లోపలి నల్లపొరని ఉప్పుతో రుద్దింది. వెన్నెముక వెంట నెత్తురు గీతని బొటనవేలి గోరుతో గీకింది. "ఇప్పుడే కడగాలి. ముక్కలు కోశాక కడిగితే రుచి నీళ్ళలో పోతుంది." కడిగి, ముక్కలు కోసింది. చేతిలో కత్తి ఒక్కసారీ తడబడలేదు. ముక్కలు తెల్లగా, చుట్టూ లేత గులాబీ రంగుతో ఉన్నాయి. వాళ్ళన్న ఒకటి ఎత్తి వాసన చూసి, "నీళ్ళ వాసన," అన్నాడు. "మంచినీళ్ళ వాసన."

ఉప్పు, కారం, పసుపు, కాస్త నూనె. అంతకంటే ఏమీ వెయ్యలేదు. మళ్ళీ కూర్చున్నాం. ఈసారి ఆవిడా మాతో కూర్చుంది. వాళ్ళన్న తింటూ తింటూ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏంటన్నా?" అంది.

"ముల్లు."

"ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది. కంట్లో కాదు."

అప్పుడు ఆవిడ కూడా ఏడ్చింది. నవ్వుతూ ఏడ్చింది, తినడం ఆపకుండా. నేను ఏమీ అనలేదు. ఏమీ అనకుండా వినమనే కదా చేప నేర్పింది.

సాయంత్రం దాకా అన్నాచెల్లెళ్ళు వాళ్ళ నాన్న గురించే చెప్పుకున్నారు. ఆయన దగ్గు, ఆయన చెప్పులు, వాన పడితే ఆయన తిట్టే తిట్లు. నేను పక్కన మంచం మీద పడుకుని విన్నాను. తొట్టిలో చేప లేదు, అయినా గాలికి నీళ్ళు కదిలి కప్పు మీద వెలుగు అట్లాగే ఆడుతోంది. ఆ మాటలు దాని కింద ఈదుతున్నట్టున్నాయి. బావమరిది బస్సు వేళయిందని లేచి చొక్కా వేసుకున్నాడు. సంచి మాట ఎత్తలేదు. గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "బావా, ఈసారి నేనొస్తే నువ్వు మార్కెట్‌కి పోవద్దు," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి మామ గట్టు మీద మీ నానమ్మ నిలబడింది. నా పక్కనే. పనిచేస్తూ, కొనేవాళ్ళకి చెబుతూ, నన్ను తిడుతూ. ఆ మాట మళ్ళీ ఆగింది లేదు.

ఇక్కడితో చాలు రాయడం. ఆవిడ కంటి ఆపరేషన్ అని మీ అత్త వాళ్ళింట్లో ఉంది కదా, కట్టు విప్పేదాకా తను చదువుకోలేదు. ఫోన్ చేసి ఇదంతా నువ్వే చదివి వినిపించు. చేదు తిత్తి దగ్గర ఏదో తప్పు చెప్పానంటుంది. పసుపు వెయ్యలేదంటుంది. అననీ, మధ్యలో అడ్డం పడకు. ఫోను మాత్రం ఇదిగో, ఆవిడ గొంతు బయటికి వినపడేట్టు ఇక్కడ నా మంచం మీద పెట్టి చదువు.